హైమావతి ఆదుల ఫోల్డరు

తణుకులో హైమావతి అనే కుట్టుపని ఆవిడ ఉండేది. ఆమె చేతిలో పని బంగారం, కానీ దేనికైనా మూత పెట్టాలన్నా గడియ వేయాలన్నా ఆమెకు ఎక్కడలేని బద్ధకం వచ్చేది.

షాపులో బీరువా తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉండేది. గుండుసూదుల డబ్బా మూత ఎక్కడుందో ఆమెకే తెలియదు. ఇంటి వీధి తలుపు కూడా దగ్గరగా వేసి వచ్చేసేది. ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో దోచుకుపోయేంత ఏముందిలెండి," అనేది. అదీ నిజమే. ఆమె సొంతవాటిలో దోచుకుపోయేంత ఏమీ లేదు. చిక్కేమిటంటే, ఆమె దగ్గర ఉన్నవాటిలో చాలావరకు ఆమె సొంతం కాదు.

కుట్టించుకునే ఆడవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు గానీ, మగవాళ్ళ కోసం, పిల్లల కోసం చెబుతాను. కొత్త జాకెట్టు కుట్టించుకునేటప్పుడు, ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఒకటి కొలతకోసం ఇస్తారు. దాన్ని ఆది అంటారు. హైమావతి షాపులో ఆదులు గుట్టలుగా పడి ఉండేవి. ఒకరి ఆది పెట్టుకుని ఇంకొకరి గుడ్డ కత్తిరించిన రోజులు కూడా ఉన్నాయి. ఒకసారి బ్యాంకు మేనేజరుగారి భార్య జాకెట్టు వాళ్ళ పక్కింటావిడకు చక్కగా సరిపోయింది. వాళ్ళిద్దరికీ అప్పటికే మాటల్లేవు. ఆ గొడవ చల్లారడానికి నెల పట్టింది.

అదంతా చూసిన విశాలాక్షి టీచరుగారు ఇక ఊరుకోలేకపోయారు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఇరవై ఏళ్ళుగా హైమావతి దగ్గరే కుట్టించుకునేవారు. ఒక ఆదివారం కూర్చుని, హైమావతి ఫోనులో నోట్సు రాసుకునే యాప్ ఒకటి పెట్టి, అందులో 'ఆదులు' అని ఒక ఫోల్డరు తెరిచి, కొలతలు రాసుకోవడం నేర్పారు.

"మనిషికో నోటు రాసుకో, హైమా. ఒక్కో నోటుకీ విడివిడిగా పర్మిషన్ ఉంటుంది. ఎవరికైనా పంపాల్సి వస్తే, వాళ్ళ నోటు ఒక్కటే తెరిచి, ఇదిగో ఇక్కడ వాళ్ళ పేరు పెట్టు. చూడ్డానికి మాత్రమే ఇవ్వు. మార్చడానికి ఇవ్వకు."

"ఇన్ని గడియలెందుకండీ, టీచరుగారూ?"

"నువ్వు ఇంటికి ఉన్న ఒక్క గడియే వెయ్యవని నాకు తెలుసు. అందుకే చెబుతున్నాను. ఇందులో గదికో గడియ ఉంటుంది. గుర్తుపెట్టుకో."

హైమావతి తల ఊపింది. కొలతలు రాయడం మాత్రం శ్రద్ధగా నేర్చుకుంది. కానీ ఆమె కొలతలతో ఆగే మనిషి కాదు. కుట్టేటప్పుడు మనసులో ఏమనుకునేదో అదీ రాసుకునేది. ఒకరి నోటులో, "ఎడమ భుజం అరంగుళం కిందికి. లోపల చిన్న ప్యాడ్ పెట్టాలి. ఆవిడకు చెప్పకూడదు," అని ఉండేది. ఇంకొకరి నోటులో, "లూజు పెట్టమంటుంది, పెడితే బిగించమంటుంది. మొదటే బిగించాలి," అని ఉండేది. రైసుమిల్లు కామేశ్వరిగారి నోటులో, "చెప్పిన కొలతకు రెండంగుళాలు కలపాలి. కలిపానంటే ఒప్పుకోదు," అని ఉండేది. ఇవి ఎవరినీ ఆడిపోసుకోవడానికి రాసినవి కావు. డాక్టరు తన చీటీలో రాసుకున్నట్టే రాసుకునేది. జాకెట్టు చక్కగా కుదరాలనేదే ఆమె తాపత్రయమంతా.

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఒక వేసవి సెలవుల్లో విశాలాక్షిగారు విశాఖపట్నం వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. కడుపులో రాళ్ళు తీశారని స్కూల్లో చెప్పారు. బడులు తెరవడానికి వారం ముందు, షాపులో ఎవరూ ఉండని మిట్టమధ్యాహ్నం వేళ చూసుకుని వచ్చారు. చేతిలో కొత్త గుడ్డ ఉంది గానీ పాత జాకెట్టు లేదు.

"నా ఆది ఇక పనికిరాదు, హైమా," అన్నారు.

హైమావతికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి వెళ్ళి కర్టెను లాగింది. ఆ షాపులో కర్టెను ఒకటుందని చాలామందికి తెలియనే తెలియదు. టేపు తీసుకుని కొలతలు తీసింది. ఎడమ వైపు రొమ్ము తీసేశారు. కుట్ల మచ్చ ఇంకా పచ్చిగానే ఉంది. అయ్యో అనలేదు, ఎప్పుడు, ఎలా అని అడగలేదు. మూడు రోజులు కూర్చుని, లోపలి వైపు చిన్న సంచీ ఒకటి, కావాలంటే బయటికి తీసేలా కుట్టింది. అందులో దూది పెడితే తేలికైపోయి జాకెట్టు పైకి జరుగుతోంది. దూదితోపాటు గుప్పెడు ఆవాలు వేసి చూసింది. నాలుగోసారికి బరువు సరిపోయింది. విశాలాక్షిగారు అద్దంలో చూసుకుని, చాలా రోజుల తర్వాత నిటారుగా నిలబడ్డారు. హైమావతికి తన జన్మలో ఏ పట్టుజాకెట్టు కుట్టినప్పుడూ అంత సంతోషం కలగలేదు.

"పిల్లలు బోర్డు చూడాలి, నా మొహం చూడాలి. ఇంకెక్కడా చూడకూడదు," అన్నారు విశాలాక్షిగారు. "ఇది మా ఆయనకు తెలుసు, నీకు తెలుసు. మూడో మనిషికి తెలియకూడదు, హైమా."

"తెలియదండి," అంది హైమావతి.

నోటులో ఇలా రాసుకుంది: "ఎడమ వైపు తీసేశారు. లోపల సంచీ, దూది, గుప్పెడు ఆవాలు. ఎవరికీ చెప్పకూడదు." విశాలాక్షిగారు ఆ నోటును 'ఆదులు' ఫోల్డరు బయట విడిగా పెట్టి, వాళ్ళిద్దరికి తప్ప ఇంకెవరికీ కనిపించకుండా స్వయంగా పర్మిషన్ సరిచేసి ఇచ్చారు.

కొన్నాళ్ళకు కామేశ్వరిగారి అమ్మాయి పెళ్ళి కుదిరింది. పన్నెండు మంది ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టాలి. అందరూ ఇదివరకు హైమావతి దగ్గర కుట్టించుకున్నవాళ్ళే. ఒకరు అత్తిలిలో, ఒకరు నిడదవోలులో, ఒకరు హైదరాబాదులో, తలో ఊళ్ళో ఉన్నారు. కామేశ్వరిగారు ఫోన్ చేశారు.

"ఏమే హైమా, ఆ పన్నెండు మంది కొలతలూ మా వాట్సాప్ గ్రూపులో పడెయ్. ఎవరు సన్నబడ్డారో, ఎవరు లావెక్కారో వాళ్ళే చూసుకుని చెబుతారు."

"అలాగేనండి," అంది హైమావతి.

ఆ రోజు పొద్దున్నే ఆమె ఒక పని చేసి ఉంది. టీచరుగారి నోటుకోసం ప్రతిసారీ వేరే చోటికి వెళ్ళి వెతకాల్సి వస్తోందని విసుగొచ్చి, దాన్ని తెచ్చి 'ఆదులు' ఫోల్డరులో పడేసింది. ఇప్పుడు పన్నెండు నోట్లు ఒక్కొక్కటీ తెరవాలి. ఒక్కోదాంట్లో పేరు పెట్టాలి. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఎదురుచూస్తోంది. 'పన్నెండుసార్లు ఎవరు నొక్కుతారు' అనుకుని ఫోల్డరు మీదే నొక్కింది. ఫోను పాపం మర్యాదగానే అడిగింది. ఇందులోని రెండువందల పద్నాలుగు నోట్లనూ లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడవచ్చు, మార్చవచ్చు, సరేనా అని అడిగింది. హైమావతి చదవకుండానే సరే అంది. ఫోను ఏమడిగినా సరే అనడం మనందరికీ అలవాటైపోయింది, నేనేమీ మినహాయింపు కాదు. లింకు గ్రూపులో పడింది. ఆ గ్రూపులో యాభై ఆరుగురు ఆడవాళ్ళు ఉన్నారు.

రెండు రోజులపాటు అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపించింది. మూడోరోజు మధ్యాహ్నం కామేశ్వరిగారు షాపుకొచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏమే, చెబితే ఒప్పుకోని మనిషినా నేను?"

హైమావతి నోట్లో గుండుసూదులున్నాయి. వాటితోనే, "ఏంటండీ?" అంది.

"చెప్పిన కొలతకు రెండంగుళాలు కలపాలని రాసుకున్నావుగా. ఎన్నేళ్ళ నుంచి కలుపుతున్నావు?"

హైమావతి సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. "పన్నెండేళ్ళండి," అంది.

కామేశ్వరిగారు కోప్పడదామనే వచ్చారు గానీ, ఆ జవాబు విని నవ్వు ఆపుకోలేకపోయారు. "ఆ ముక్క నేనే కొట్టేశాలే. కొలత కూడా దిద్దేశాను. ఇప్పుడు నా అసలు కొలతే ఉంటుంది."

"అది అసలు కొలత కాదండి," అంది హైమావతి దిగులుగా. అంతలోనే అనుమానం వచ్చింది. "మీరు దిద్దితే మారిందాండి?"

"మారకేం? నాదొక్కటేనా ఏంటి? బ్యాంకు మేనేజరుగారి భార్యది చూశాం, వాళ్ళ పక్కింటావిడది చూశాం. మా వాళ్ళకు రెండు రోజులుగా ఇదే కాలక్షేపం." కామేశ్వరిగారి నవ్వు అక్కడితో ఆగింది. గొంతు తగ్గించి అన్నారు. "ఆ లెక్కల టీచరుగారిది చదివాక మాత్రం నాకు మనసు బాగోలేదే. పాపం, ఎప్పుడు జరిగింది అది?"

హైమావతి ఫోను తీసి చూసింది. తెరిచింది తానేనని అర్థమైంది గానీ, ఎలా మూయాలో తెలియలేదు. తెలియకుండా ఏదైనా నొక్కితే ఇంకేం తెరుచుకుంటుందోనని భయమేసింది. మూయడం తెలిసిన మనిషి ఆమె ఎరుకలో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరి ముందుకే ఇప్పుడు వెళ్ళాలి. మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి నడిచింది.

విశాలాక్షిగారు వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. హైమావతి మెట్టు మీదే నిలబడిపోయింది.

"లోపలికి రా. ఏమైంది?"

"మీ నోటు అందరికీ కనిపించిందండి. నేనే తెరిచాను. పన్నెండుసార్లు నొక్కడానికి బద్ధకించి ఫోల్డరు మొత్తం తెరిచేశాను. మీదీ అందులోనే పడేసి ఉన్నాను. మూడు రోజులైంది. ఎలా మూయాలో తెలియక మీ దగ్గరికే వచ్చానండి."

విశాలాక్షిగారి చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. దిద్దుతున్న పేపరు పక్కన పెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "నిన్న రైతుబజార్లో ఇద్దరు పలకరించారు. ఇప్పుడెలా ఉంది ఒంట్లో అన్నారు. ఇద్దరూ నా మొహంలోకి చూడలేదు. ఎందుకా అనుకున్నాను." ఆ తర్వాత చెయ్యి చాపారు. "ఫోను ఇలా ఇవ్వు."

లింకు తీసేశారు. ఫోల్డరు మూసేశారు. తన నోటును మళ్ళీ బయటికి తీసి విడిగా పెట్టారు. మొత్తం కలిపి రెండు నిమిషాలు పట్టింది. ఆ రోజు పన్నెండుసార్లు నొక్కి ఉన్నా అంతే పట్టేది.

"ఇప్పుడిక ఎవరికీ కనిపించదు," అన్నారు.

"అయితే ఫరవాలేదాండీ?" అంది హైమావతి ఆశగా.

"చదివినవాళ్ళు చదివేశారు కదా, హైమా. వాళ్ళ తలల్లోంచి నేనెలా తీసేసేది?" విశాలాక్షిగారు ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టారు. "నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. ఎప్పటికి పోతుందో తెలియదు. ఇప్పుడు మాత్రం వెళ్ళిపో."

హైమావతి వీధి పొడుగునా కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. కామేశ్వరిగారికి విషయమంతా చెప్పేసింది. కామేశ్వరిగారు నోరు పెద్దదైనా మనసు మంచిదే. "చదివినవాళ్ళు చదివారు. ఆ టీచరుగారి సంగతి ఇంకెవరి నోట విన్నా నేను ఊరుకోను," అని గ్రూపులో గట్టిగా చెప్పారు. గ్రూపులో ఆవిడ మాటకు ఎదురుండదు. గ్రూపు బయట ఎవరేమనుకున్నారో మనకు తెలియదు.

హైమావతి నాలుగు రోజులు షాపు పని పక్కన పెట్టి, రెండువందల పద్నాలుగు నోట్లనూ ఒక్కొక్కటే తెరిచింది. ఎవరికి కనిపిస్తోంది, ఎవరు మార్చగలరు అని ఒక్కోదాంట్లో చూసి సరిచేసింది. తెలియని చోట రైసుమిల్లు గుమస్తాను అడిగి నేర్చుకుంది. నోట్లలో తన సొంత మాటలు చాలావరకు తీసేసింది. కామేశ్వరిగారి నోటులో ఆ రెండంగుళాలు మాత్రం మళ్ళీ కలిపింది, ఎందుకంటే పెళ్ళిలో జాకెట్టు పిగిలిపోతే పరువు పోయేది ఇద్దరిదీ.

విశాలాక్షిగారు మాత్రం రాలేదు. పెళ్ళి అయిపోయింది, వానలు పడ్డాయి, దసరా సెలవులిచ్చారు. అప్పటికీ రాలేదు. ఇరవై ఏళ్ళ ఖాతా పోయిందని హైమావతి బాధపడలేదు. టీచరుగారు ఇప్పుడు ఏ కొత్త షాపుకు వెళ్ళారో, ఎవరి ముందు నిలబడి ఆ సంగతంతా మళ్ళీ మొదటినుంచి చెప్పుకున్నారో అన్న ఆలోచనే ఆమెను తినేసేది. వీధిలో ఎవరైనా సన్నగా పొడుగ్గా కనిపిస్తే మిషను ఆపి చూసేది.

సెలవులయ్యాక ఒక శనివారం మధ్యాహ్నం విశాలాక్షిగారు వచ్చారు. వెంట ఇంకో ఆవిడ ఉంది. ఆవిడ పేరు భ్రమరాంబ, ఊరు అత్తిలి. కామేశ్వరిగారికి ఆడపడుచు. పెళ్ళికి జాకెట్లు కుట్టించుకున్న పన్నెండు మందిలో ఆవిడా ఒకరు.

హైమావతి లేచి నిలబడింది. విశాలాక్షిగారే మొదలుపెట్టారు.

"ఈవిడ నిన్న మా ఇంటికి వచ్చారు. నా నోటు చదివారట. చదివి ఎవరికీ చెప్పలేదట."

"అలాంటిది ఎలా చెబుతానండీ," అంది భ్రమరాంబ తల వంచుకుని. "ఆ తర్వాత పోయిన నెలలో నాకూ అదే జబ్బని డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కి తారీఖు కూడా ఇచ్చారు. నేనే వద్దన్నాను. అదయ్యాక నలుగురిలోకి ఎలా వెళ్తాను, ఏం కట్టుకుంటాను అని ఒకటే ఏడుపు. మా ఆయన బతిమాలినా వినలేదు. మరి టీచరుగారు రోజూ బడికి వెళ్ళి పాఠం చెబుతున్నారు కదా అనిపించింది. ఆవిడను ఒక్కసారి చూసి వద్దామని వచ్చానండి. చూస్తే అలా నిటారుగా గేటు దాకా వచ్చారు. నాకు ఏ తేడా తెలియలేదు. అసలు ఏమీ తెలియలేదండి."

ఆ మాట అంటూ అంటూ ఆవిడ ఏడ్చేసింది. విశాలాక్షిగారు ఆవిడ వీపు మీద చెయ్యి వేశారు.

"ఎల్లుండి ఆసుపత్రికి వెళ్తున్నారు. నేనూ తోడు వెళ్తున్నాను," అన్నారు. "హైమా, నా నోటు ఈవిడకు చూపించు. ఈవిడ ఒక్కరికే. చూడ్డానికి మాత్రమే."

హైమావతి ఫోను తీసింది. నోటు తెరిచి, పర్మిషన్ దగ్గరికి వెళ్ళి, భ్రమరాంబ పేరు పెట్టింది. చూడ్డానికి మాత్రమే అని ఎంచుకుంది. ఫోను ఎప్పటిలాగే సరేనా అని అడిగింది. ఈసారి హైమావతి ఆ మాటలను రెండుసార్లు చదివింది. చదివి, నొక్కకుండా ఫోనును టీచరుగారి ముందుకు చాపింది.

"మీరే నొక్కండి. ఇది మీది," అంది.

విశాలాక్షిగారు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, నొక్కారు.

హైమావతికి గుండె బరువు దిగినట్టైంది. "చివరికి మంచే జరిగింది కదండీ, టీచరుగారూ," అనేసింది.

"మంచి జరిగింది ఈవిడ ధైర్యం వల్ల. నువ్వు చేసింది తప్పే. ఆ రెండూ కలిపి కూడకు, నేను లెక్కల టీచర్ని," అన్నారు విశాలాక్షిగారు. సంచీలోంచి కొత్త గుడ్డ తీసి బల్ల మీద పెట్టారు. "పక్క వీధి షాపు దాకా వెళ్ళాను, హైమా. గుమ్మంలో నిలబడ్డాను. మళ్ళీ మొదటినుంచి చెప్పుకోలేక వెనక్కి వచ్చేశాను. నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా కుట్టు."

హైమావతి ఆ గుడ్డను రెండు చేతులతో తీసుకుంది. దానిమీద తన కన్నీళ్ళు పడకుండా పక్కకు తిరిగింది.

నమ్మి మన చేతిలో పెట్టిన సంగతి మనది కాదు. దాన్ని ఎవరికి తెరవాలో, ఎవరికి తెరవకూడదో చెప్పాల్సింది ఆ సంగతి ఎవరిదో వాళ్ళే, మన బద్ధకం కాదు.